పది నానోగ్రాముల గీత

కేంద్ర ప్రభుత్వం 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానాన్ని ప్రకటించింది. అందులో జబ్బుల్ని మూడు గుంపులుగా విడగొట్టారు. రెండో గుంపులో, ఏళ్ల తరబడి మందు వాడాల్సిన వాటిలో, గ్రోత్ హార్మోన్ చికిత్స పేరు కూడా ఉంది. ఎవరికి? గ్రోత్ హార్మోన్ లోపం ‘నిరూపితమైన’ పిల్లలకి, టర్నర్ సిండ్రోమ్, ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ లాంటివి ఉన్న పిల్లలకి. ఇంగ్లిషు పత్రంలో ఆ మాట ‘ప్రూవెన్’. మిగతా జబ్బుల దగ్గర ఆ మాట నా కంటికి అంతగా ఆనలేదు. ఇక్కడ మాత్రం ఆగిపోయాను. ఎందుకంటే పొట్టిగా ఉండటం జబ్బు కాదు. ఒక జబ్బు వల్ల పొట్టిగా ఉండటం జబ్బు. ఈ రెంటినీ విడదీసే పని మొత్తం ఆ ఒక్క మాట నెత్తిన పడింది.

నేను డాక్టర్ని కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కానీ నా ఉద్యోగంలో రోజూ చేసేది గీతలు గీయడమే. సర్వర్ మీద భారం ఎంత దాటితే అలారం మోగాలి, ఎంతలోపు ఉంటే ఊరుకోవాలి? ఆ అంకె ఎవరో ఒకరు కూర్చుని పెడతారు. కొన్నాళ్లకి ఆ అంకె పెట్టింది మనమేనన్న సంగతి అందరూ మర్చిపోతారు. అది ప్రకృతి నియమంలా కనిపించడం మొదలవుతుంది. సర్వర్ల విషయంలో అందువల్ల పెద్ద నష్టం లేదు. పిలకాయల విషయంలో ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

*

ముందు పరీక్ష సంగతి. మెదడు అడుగున శనగ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. అది గ్రోత్ హార్మోన్‌ని ఒకే ధారగా వదలదు. విడతలు విడతలుగా, ఎక్కువగా రాత్రి గాఢనిద్రలో వదులుతుంది. పగలు ఏదో ఒక వేళ రక్తం తీసి చూస్తే, నిక్షేపంగా ఉన్న పిల్లాడిలో కూడా దాదాపు ఏమీ కనపడకపోవచ్చు. కాబట్టి గ్రంథిని రెచ్చగొట్టాలి. క్లోనిడిన్ అనే బీపీ మాత్ర ఇచ్చో, గ్లూకగాన్ ఇంజెక్షన్ చేసో, కొద్దిసేపటికోసారి రక్తం తీస్తూ, అన్నిట్లోకీ పెద్ద అంకె ఎంత వచ్చిందో చూస్తారు. మామూలుగా ఇలాంటివి రెండు పరీక్షలు చేస్తారు. రెండిట్లోనూ మిల్లీలీటరుకి 10 నానోగ్రాములు దాటకపోతే లోపం ఉన్నట్టు లెక్క.

ఈ 10 ఎక్కడి నుంచి వచ్చింది? ఒకప్పుడు ఇది 5. తర్వాత 7 అయింది. ఆ తర్వాత 10. ఇప్పుడు కొన్ని కేంద్రాలు, రక్తపరీక్ష పద్ధతులు మెరుగయ్యాయి గనక, మళ్లీ 7కి దిగుతున్నాయి. ఇన్నేళ్లలో పిల్లల ఒళ్లు మారలేదు. మందు దొరికే తీరు మారింది.

1958లో అమెరికాలో మారిస్ రేబెన్ అనే డాక్టరు, చనిపోయిన మనుషుల పీయూష గ్రంథుల నుంచి తీసిన హార్మోన్‌తో ఒక కుర్రాడి ఎత్తు పెరిగిందని ప్రకటించాడు. ఆవు హార్మోనో పంది హార్మోనో మనిషి మీద పనిచేయదు, ఇన్సులిన్‌లా కాదు. మనిషిదే కావాలి. కాబట్టి శవపరీక్షలు జరిగే చోట్ల గ్రంథులు సేకరించడం మొదలైంది. అమెరికాలో అందుకోసమే ఒక జాతీయ సంస్థ పెట్టారు. 1963 నుంచి 1985 దాకా ఆ కార్యక్రమం కింద దాదాపు 7,700 మంది పిల్లలకి మందు అందింది. ఒక పిల్లాడికి ఒక ఏడాదికి సరిపడా మందుకి ఎన్నో శవాల గ్రంథులు కావాలి. అంత కరువులో గీత కింద ఉండటం సహజం. లోపం మరీ తీవ్రంగా ఉంటే తప్ప ఇవ్వలేరు.

1985లో ఆ మందు వాడిన కొందరు యువకులు క్రూట్జ్‌ఫెల్ట్-యాకబ్ అనే మెదడు జబ్బుతో చనిపోయారని బయటపడింది. ఏవో కొన్ని గ్రంథులతో పాటు ఆ జబ్బూ వాళ్ల ఒంట్లోకి వెళ్లింది. అమెరికా, బ్రిటన్ ఆ ఏడాదే ఆపేశాయి. ఫ్రాన్స్ 1988 దాకా శవాల నుంచి తీసిన మందునే వాడింది. అక్కడ చనిపోయిన వాళ్ల సంఖ్య వంద దాటింది. అదే 1985లో జెనెన్‌టెక్ కంపెనీ బాక్టీరియాతో తయారుచేసిన హార్మోన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. ఇక శవాలతో పని లేదు, పెద్ద పెద్ద తొట్లలో ఎంత కావాలంటే అంత తయారవుతుంది. మందు సమృద్ధిగా దొరకడం మొదలయ్యాక గీత 10కి ఎక్కింది. ఇందులో కుట్ర ఉందని నేననను. మందు ఉన్నప్పుడు ఎక్కువమందికి ఇవ్వాలనిపించడం మంచితనమే కావొచ్చు. అయితే మందు ఎంత దొరుకుతోంది అన్నదాన్ని బట్టి జబ్బు ఎంతమందికి ఉంది అన్నది మారితే, ‘నిరూపితం’ అనే మాటని కొంచెం మెల్లగా పలకాలి.

పైగా ఆ పరీక్ష కూడా నిలకడ లేనిది. అదే పిల్లాడికి రెండు వేర్వేరు రోజుల్లో చేస్తే రెండు అంకెలు వస్తాయి. ఒళ్లున్న పిల్లల్లో అంకె తక్కువ వస్తుంది. యుక్తవయసు ఆలస్యమయ్యే పిల్లల్లోనూ తక్కువ వస్తుంది. ఇంకో సంగతి. మెదడు స్కాన్‌లో ఏ తేడా లేకుండా, హార్మోన్ ఒక్కటే తక్కువని తేలిన పిల్లల్లో చాలామందికి, ఎత్తు పెరగడం పూర్తయ్యాక మళ్లీ పరీక్ష చేస్తే మామూలుగా వస్తుంది. ఏళ్ల తరబడి ఇంజెక్షన్లు తీసుకున్న లోపం, చివరికి చూస్తే లేదు.

*

సూళ్లూరుపేటలో నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. పేర్లు వద్దు. నాన్న శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. కొడుక్కి తొమ్మిదేళ్లప్పుడు ఎత్తు 112 సెంటీమీటర్లు. ఇండియన్ అకాడెమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో వేసిన చార్టులో ఆ వయసు మగపిల్లల అట్టడుగు గీత కంటే కూడా బాగా కింద. తల్లిదండ్రుల ఎత్తు బట్టి పిల్లాడు ఎంతవాడు కావాలో అంచనా వేసే లెక్క ఒకటుంది. ఇద్దరి ఎత్తూ కలిపి, మగపిల్లాడైతే 13 సెంటీమీటర్లు కలిపి, సగం చేయాలి. నాన్న 165, అమ్మ 152. లెక్క 165కి వచ్చింది. పిల్లాడు పోతున్న దారి అటు కాదు. ఆ వయసులో ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరగాలి, వీడు నాలుగు కూడా పెరగడం లేదు. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముకల వయసు ఆరున్నర అని తేలింది. రెండు రెచ్చగొట్టే పరీక్షల్లో వచ్చిన అంకెలు 6.8, 8.9.

ఈ రెండంకెల్నీ ఇందాకటి చరిత్ర పక్కన పెట్టి చూడండి. గీత 5 అయిన రోజుల్లో ఈ పిల్లాడికి లోపం లేదు. 7 అయితే, ఒక పరీక్షలో ఉంది, ఒక దాంట్లో లేదు. 10 అయితే రెండిట్లోనూ ఉంది, నిరూపితం.

వాళ్ల నాన్న నన్నడిగిన ప్రశ్న ఒకటే. “తమ్ముడూ, నువ్వు చదువుకున్నోడివి. వీడికి జబ్బుందా లేదా? ఉందంటే గూడూరు పక్క స్థలం అమ్మేస్తా. లేదంటే దేవుడిచ్చిన ఎత్తు అనుకుంటా. రెండిట్లో ఏదో ఒకటి చెప్పు.”

మందు మోతాదు బరువుని బట్టి ఉంటుంది. అంటే పిల్లాడు పెరిగే కొద్దీ బిల్లూ పెరుగుతుంది. మొదటి నెలే వాళ్లకి పద్దెనిమిది వేలు దాటింది. పెన్నులాంటి పరికరంతో రోజూ రాత్రి పడుకునే ముందు తొడకో పొట్టకో చర్మం కింద పొడవాలి. ఏడేళ్లు వాడాలంటే రెండున్నర వేల ఇంజెక్షన్ల పైమాట. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఎండాకాలం కరెంటు పోయినప్పుడల్లా ఆ ఇంట్లో అందరి చూపూ ఫ్రిజ్ మీదే. చెన్నై లోకల్ ట్రైన్లో డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు నాన్నకి ఒక షిఫ్టు జీతం పోతుంది. అరుదైన వ్యాధుల విధానం కింద, 2022లో చేసిన మార్పు తర్వాత, ఏ గుంపు వాళ్లకైనా 50 లక్షల దాకా సాయం అందే వీలుంది, అయితే అది ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల ద్వారానే. 2021 జాబితాలో మన తెలుగు నేల మీద ఉన్నది హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ, నిమ్స్. సూళ్లూరుపేట నుంచి ఐదువందల కిలోమీటర్ల పైన.

కాబట్టి “జబ్బుందా లేదా” అన్నది ఆ ఇంట్లో తత్వశాస్త్రం ప్రశ్న కాదు, స్థలం రిజిస్ట్రేషన్ ప్రశ్న. అయినా దానికి జవాబు కావాలంటే తత్వశాస్త్రం దగ్గరికి వెళ్లక తప్పదు.

*

1990లో డేవిడ్ ఆలెన్, నార్మన్ ఫాస్ట్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు ఒక వైద్య పత్రికలో ఇద్దరు కుర్రాళ్ల గురించి రాశారు. కల్పిత కుర్రాళ్లే. జానీకి పదకొండేళ్లు. మెదడులో కణితి వల్ల గ్రోత్ హార్మోన్ తక్కువైంది. అమ్మానాన్నలు మామూలు ఎత్తే. మందు ఇవ్వకపోతే పెద్దయ్యాక 160 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాడు. బిల్లీకీ పదకొండేళ్లే. హార్మోన్ బాగానే ఉంది, అమ్మానాన్నలే బాగా పొట్టి. వాడూ 160 దగ్గరే ఆగిపోతాడు.

ఇద్దరూ ఒకే ఎత్తు. బస్సులో పై కడ్డీ ఇద్దరికీ ఒకే దూరం. బళ్లో ఇద్దరినీ ‘బుడ్డోడా’ అనే పిలుస్తారు. ఒకడికి మందిచ్చి, ఇంకొకడికి “నీది జబ్బు కాదు నాయనా” అని పంపేయడం న్యాయమేనా? పొట్టిగా పుట్టాలని జానీ కోరుకోలేదు, బిల్లీ కూడా కోరుకోలేదు.

దీనికి బాగా వినపడే జవాబు నార్మన్ డానియల్స్ అనే తత్వవేత్తది. వైద్యం పని శరీరం మామూలుగా పనిచేసేటట్టు చూడటం. జానీ శరీరంలో ఒక భాగం పనిచేయడం లేదు. బిల్లీ శరీరం దాని పద్ధతిలో అది పనిచేస్తోంది. ఈ తేడా కొన్నిచోట్ల మొరటుగా అనిపించినా, అందరి సొమ్ముతో నడిచే వైద్యానికి ఏదో ఒక హద్దు కావాలి గనక ఇదే పనికొచ్చే హద్దు అంటాడు.

హద్దు కావాలన్నంత వరకూ ఒప్పుకుంటాను. కానీ ఈ జవాబు కణితి ఉన్న జానీకి సరిపోయినంత బాగా 6.8, 8.9 వచ్చిన పిల్లాడికి సరిపోదు. వాడి శరీరం మామూలుగా పనిచేస్తోందా లేదా అన్నది ముందే తెలిస్తే కదా హద్దు గీయడానికి. ఇక్కడ హద్దే ఆ సంగతి తేలుస్తోంది. జానీకీ బిల్లీకీ మధ్య గోడ ఉందనుకున్నాం, దగ్గరికెళ్తే అది వాలుగా ఉన్న నేల.

2003లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ వాలు మీద ఇంకో అడుగు ముందుకేసింది. ఏ కారణమూ కనపడని పొట్టితనానికి కూడా, అంటే బిల్లీలకి కూడా, ఈ మందు వాడొచ్చని అనుమతిచ్చింది. అర్హత, అందరికంటే పొట్టిగా ఉన్న 1.2 శాతం పిల్లలు. ఇక్కడో తమాషా ఉంది. అందరికంటే పొట్టిగా ఉన్న 1.2 శాతం ఎప్పుడూ ఉంటారు. వాళ్లందరినీ పొడుగు చేస్తే, వాళ్ల పైన నిన్నటిదాకా మామూలుగా ఉన్నవాళ్లు ఆ చోటులోకి వస్తారు. శాతాలతో చెప్పిన జబ్బుకి అంతం ఉండదు. మైకేల్ శాండెల్ తన 2007 పుస్తకంలో ఎత్తు గురించి పెట్టిన అభ్యంతరాల్లో ఇదొకటి. అందరూ మునివేళ్ల మీద నిలబడితే ఎవరికీ ఏమీ ఎక్కువ కనపడదు, అందరికీ కాళ్లు నొప్పెడతాయి.

నాకు దారి చూపించింది ఈ ఆలోచనే. ఎత్తు వల్ల వచ్చే లాభాల్లో చాలా భాగం పక్కవాడితో పోలిస్తేనే వచ్చే లాభాలు. హార్మోన్ నిజంగా లేకపోతే వచ్చే కష్టాలు అలాంటివి కావు. తీవ్రమైన లోపంతో పుట్టిన పసిబిడ్డకి రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. పెద్దయ్యే పిల్లల్లో కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది, ఎముక బలం తగ్గుతుంది, ఈడు రావడం ఆలస్యమవుతుంది. ఒక దీవిలో ఒంటరిగా బతికినా ఈ కష్టాలు ఉంటాయి. పోల్చుకోడానికి ఎవరూ లేకపోయినా మిగిలి ఉండే కష్టం ఏది? దాన్ని శరీరంలోనే తీర్చాలి, అందరి సొమ్ముతో తీర్చాలి. పక్కవాళ్లు ఉంటేనే పుట్టే కష్టం ఏది? దానికి ముందు ఆ పక్కవాళ్లని, వాళ్లు కట్టిన గేట్లని ప్రశ్నించాలి. నా మటుకు నాకు జబ్బుందా లేదా అనే గీత కంటే ఈ గీత పనికొచ్చేదిగా కనపడుతుంది.

*

గేట్లు అంటే ఊరికే పోలిక కోసం అనలేదు. నిజం గేట్లే ఉన్నాయి. సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా శ్రీహరికోట రోడ్డెక్కితే, షార్ గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాన్లు ఉంటారు. సీఐఎస్ఎఫ్ కానిస్టేబుల్ కావాలంటే మగవాళ్లు మామూలుగా 170 సెంటీమీటర్లుండాలి. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్‌కి 167.6. మన దేశంలో మగవాళ్ల సగటు ఎత్తు 165కి అటూ ఇటూ. అంటే సగటు మనిషి రెండు గేట్లకీ బయటే ఉంటాడు. లియొనెల్ మెస్సీకి చిన్నప్పుడు గ్రోత్ హార్మోన్ లోపం ఉందని, రోజూ ఇంజెక్షన్లు తీసుకున్నాడని, పదమూడేళ్లకి బార్సిలోనా క్లబ్బు ఆ ఖర్చు భరించడానికి ఒప్పుకుందని ఫుట్‌బాల్ చూసే అందరికీ తెలుసు. ఆయన ఎత్తు సరిగ్గా 170. ప్రపంచకప్పు ఎత్తిన మనిషి సీఐఎస్ఎఫ్ గేటు దగ్గర గీతకి తల ఆనించి నిలబడతాడన్నమాట.

మా వైపు ఊళ్లల్లో తెల్లవారకముందే గ్రౌండులో పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు కనపడతారు. పరుగు నేర్చుకోవచ్చు, లాంగ్ జంప్ నేర్చుకోవచ్చు. రెండు సెంటీమీటర్లు ఎక్కడ నేర్చుకుంటారు? వాళ్లలో కొందరు ఎత్తు పెరగడానికని ప్రకటనల్లో చూపించే పొడులు కొంటారు. ఎముకల చివర ఎదిగే భాగాలు మూసుకుపోయాక పొడి కాదు కదా గ్రోత్ హార్మోన్ కూడా ఎత్తు పెంచదు. ఆ కుర్రాళ్లకి ఏ జబ్బూ లేదు. వాళ్లని రోగుల్ని చేసింది నోటిఫికేషన్‌లో ఉన్న ఒక దశాంశ స్థానం. సైబర్ నేరాల విభాగంలో కూర్చునే కానిస్టేబుల్‌కి 167.6 ఎందుకు అని అడగడం, బిల్లీకి ఇంజెక్షన్ ఇవ్వాలా అని అడగడం కంటే ముందు జరగాల్సిన పని.

చట్టానికి ఇంకో గీత కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, వైద్యపరమైన లేదా జన్యుపరమైన కారణం వల్ల పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే అది మరుగుజ్జుతనం, దానికి హక్కులున్నాయి. మంచి చట్టమే. ఎత్తుని పెంచకుండా, ఎత్తు తక్కువ మనిషి బతకడానికి లోకం ఏం చేయాలో చెప్తుంది. నాకు కావలసిన గీతలు ఇలాంటివి. ఒక మనిషిని బయట నిలబెట్టేవి కాదు, లోపలికి రమ్మనేవి.

ఇక్కడ బిల్లీ నాన్న అడ్డుపడతాడని తెలుసు. “గేట్లు మారేదాకా నా కొడుకు ఆగాలా? వాడికి పదకొండేళ్లు ఒకసారే వస్తాయి.” దీన్ని తేలిగ్గా తీసెయ్యలేను. సొంత డబ్బుతో, డాక్టరు సలహాతో ఆ పని చేసే తండ్రిని దుర్మార్గుడు అనలేను. కాకపోతే లెక్క రెండువైపులా వేయమంటాను. కారణం లేని పొట్టితనానికి నాలుగు నుంచి ఏడేళ్లు ఇంజెక్షన్లు వాడితే సగటున పెరిగేది 3.5 నుంచి 7.5 సెంటీమీటర్లు. సగటు అంటే కొందరికి అంతకంటే తక్కువ, కొందరికి ఏమీ లేదు. అరుదుగానైనా తుంటి ఎముక జారడం, తలలో ఒత్తిడి పెరగడం లాంటివి ఉన్నాయి. పొట్టి పిల్లలు బాధపడుతూ పెరుగుతారన్న నమ్మకాన్ని పరీక్షించడానికి ఇంగ్లండులో వెసెక్స్ గ్రోత్ స్టడీ అని ఏళ్ల తరబడి ఒక అధ్యయనం జరిగింది. డాక్టర్ల దగ్గరికి వచ్చిన పిల్లల్ని కాకుండా, బడుల్లోంచి పొట్టి పిల్లల్ని తీసుకుని మిగతావాళ్లతో పోల్చి చూశారు. వాళ్ల మనసుల్లో, చదువుల్లో అందరూ అనుకున్నంత తేడా కనపడలేదు. ఏ జబ్బూ లేని పిల్లాడికి మాత్రం రోజూ రాత్రి సూదితో పాటు ఒక మాట కూడా ఎక్కుతుంది. నువ్వు ఉన్నట్టుగా ఉంటే చాలవు అని. ఆ మాటకి విరుగుడు ఏ కంపెనీ దగ్గరా లేదు.

*

జానీ, బిల్లీల కథలో ఒక లోటు ఉంది. అది అమెరికాలో రాసిన కథ కాబట్టి అందులో ఇద్దరే పిల్లలున్నారు. మన నేల మీద మూడో బిడ్డ ఉంది.

ఆ పిల్లకీ పదకొండేళ్లే అనుకుందాం. పులికాట్ ఒడ్డున ఏదో ఒక కుప్పంలోనో, యానాదుల కాలనీలోనో ఉంటుంది. పీయూష గ్రంథి బాగానే ఉంది. అమ్మానాన్నలు పొట్టివాళ్లే, కానీ వాళ్ల వంశం పొట్టిదా, వాళ్లూ చిన్నప్పుడు తినలేదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఈ పిల్ల కడుపులో ఉన్నప్పుడు అమ్మకి రక్తం తక్కువ. పుట్టాక రెండేళ్లలో విరోచనాలు, జ్వరాలు, చాలీచాలని తిండి. మొదటి వెయ్యి రోజుల్లో పోగొట్టుకున్న ఎత్తు తర్వాత చాలావరకు తిరిగి రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. గ్రోత్ హార్మోన్ లోపం నాలుగు వేల నుంచి పది వేల మందిలో ఒకరికి. ఇది ప్రతి పదిమందిలో ముగ్గురికి.

జానీది జబ్బు, బిల్లీది వారసత్వం. ఈ పిల్లది ఏంటి? ‘నిరూపితం’ చేయడానికి ఈమెకి ఏ పరీక్షా అక్కర్లేదు, సర్వేనే నిరూపించింది. అయినా ఏ అరుదైన వ్యాధుల జాబితాలోనూ ఈమె లేదు, ఎందుకంటే ఈమెది అరుదు కాదు. ఈమెకి ఇంజెక్షన్ ఇవ్వాలని నేననడం లేదు, అది ఈమెకి చికిత్స కాదు. నేననేది, పొట్టితనం గురించిన న్యాయం ప్రశ్న ఎప్పుడడిగినా ఈ పిల్లని కూడా బెంచీ మీద కూర్చోబెట్టుకుని అడగాలి. అప్పుడు బిల్లీ కోసం అందరి సొమ్ము ఖర్చుపెట్టమని అడగడం కష్టమవుతుంది. అంగన్‌వాడీ గుడ్డు, తాగునీరు, గర్భిణికి ఐరన్ మాత్రలు, ఇవే ఈ రాష్ట్రంలో ఎక్కువమందికి ఎత్తు పెంచే మందులు.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఆలెన్, ఫాస్ట్ ఊహించుకున్న ఇద్దరూ మగపిల్లలే. అమెరికాలో ఈ మందు తీసుకునే వాళ్లలోనూ మగపిల్లలే ఎక్కువ. ఆడపిల్ల పొట్టిగా ఉంటే “పర్లేదులే, సంబంధాలకి ఇబ్బంది లేదు” అంటారు. కానీ టర్నర్ సిండ్రోమ్ ఆడపిల్లలకే వస్తుంది, దాదాపు రెండున్నర వేల మందిలో ఒకరికి. దాని మొదటి గుర్తు చాలాసార్లు పొట్టితనమే. గుండె, కిడ్నీ కూడా చూడాల్సిన జబ్బది. మగపిల్లాడి విషయంలో మనం అవసరానికి మించి కంగారుపడతాం. ఆ కంగారులో కొంత ఆడపిల్లకి బదిలీ చేస్తే కొన్ని జబ్బులు సమయానికి దొరుకుతాయి. బళ్లో ఏడాదికి రెండుసార్లు గోడకి నిలబెట్టి ఎత్తు రాసి, ఏడాదికి ఎంత పెరిగారో చూస్తే చాలు. రెచ్చగొట్టే పరీక్ష కంటే ఈ పెన్సిలు గీతే ఎక్కువ నమ్మకమైనది, పైగా ఖర్చు లేనిది.

*

ఇక సూళ్లూరుపేట పిల్లాడి దగ్గరికి. నా గీత ప్రకారం వాడు ఎటు? అంకెలు రెండూ వాలు మీదే ఉన్నాయి, నిజమే. కానీ వాడి కేసు అంకెలొక్కటే కాదు. పెరగడం మందగించింది. ఎముకల వయసు రెండేళ్ల పైన వెనకబడింది. తిండి బాగానే తింటాడు, థైరాయిడ్ బాగుంది, అమ్మానాన్నల లెక్కకీ వీడి దారికీ పొంతన లేదు. ఒక అంకె చెప్పలేనిది ఇవన్నీ కలిసి చెప్తున్నాయి. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది, పరీక్ష అంకె ఒక సాక్షి మాత్రమే, జడ్జి కాదని. అందుకని నేను అన్నకి చెప్పింది ఇది: “జబ్బుందా లేదా అన్నదానికి అవును, కాదు అనే జవాబు దొరకదన్నా. వీడి ఒంటికి ఒకటి అందాల్సినంత అందట్లేదు, అది అందిస్తే పెరుగుతాడన్న ఆశకి ఆధారాలున్నాయి. ఒక ఏడాది చూస్తే తెలిసిపోతుంది. స్థలం ఇప్పుడే అమ్మొద్దు, ముందు హైదరాబాదు కాగితాలు పెడదాం.”

ఆయన కంటే ముందు పిల్లాడే అడిగాడు. “మామా, సూది ఆపేస్తే మళ్లీ పొట్టిగా అయిపోతానా?”

ఈ చర్చలో ఏ తత్వవేత్తా వేయని ప్రశ్న అది. కావు, పెరిగింది నీదే, ఎవరూ వెనక్కి తీసుకోరు అని చెప్పాను. వాడు ఇంకేమీ అడగలేదు. కానీ వాడి ప్రశ్న నాతో చాలాకాలం ఉంది. రోజూ సూది వేయించుకునేది వాడు. ఎందుకు వేస్తున్నారో, ఎంతకాలమో, ఇష్టం లేకపోతే ఎవరికి చెప్పాలో వాడికి తెలియాలి. తొమ్మిదేళ్ల పిల్లాడి ఒప్పుకోలుకి చట్టంలో విలువ లేకపోవచ్చు, వాడి తొడకి ఉంది.

ధర సంగతి చివర్న చెప్తున్నా, అది చిన్న సంగతి కాదు. పద్దెనిమిది వేలనేది పీయూష గ్రంథి పెట్టిన అంకె కాదు. నెల్లూరు జిల్లా మనిషి వరప్రసాద్ రెడ్డి హైదరాబాదులో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాని ఇదే రకం జన్యు సాంకేతికతతో తయారుచేసి, విదేశీ టీకా ధరలో చిన్న వంతుకే మార్కెట్లోకి తెచ్చింది. అప్పటిదాకా పై తరగతికే అందిన టీకా తర్వాత అందరి పిల్లలకీ చేరింది. గ్రోత్ హార్మోన్‌కి పేటెంట్ల కాలం ఎప్పుడో చెల్లిపోయింది. కొనేవాళ్లు తక్కువ గనక ధర దిగదంటారు. అలాంటప్పుడు కొనాల్సింది ఒక్కో తండ్రి కాదు, ప్రభుత్వమే టోకున కొనాలి.

కొన్నేళ్ల తర్వాత ఈ పిల్లాడి ఎత్తు పెరగడం ఆగిపోయాక మళ్లీ పరీక్ష చేస్తారు. అంకె 10 దాటి రావొచ్చు. అప్పుడు ఎవరైనా “చూశారా, జబ్బే లేదు, డబ్బంతా వృథా” అనొచ్చు. నేనలా అనను. అవసరం ఉన్నప్పుడు ఇచ్చాం, అవసరం తీరాక ఆపాం. పిల్లాడికి మందు అందాలంటే ముందు జీవితాంతం ఉండే జబ్బొకటి రుజువు కావాలన్న షరతు మనం పెట్టుకున్నదే. ‘నిరూపితం’ అన్న చోట నేను రాసుకుంటే ఇంకోలా రాసేవాణ్ణి. ఏ పిల్లాడి ఒంటికి ఏది అందడం లేదో చూసి, అది వాడికి అందేటట్టు చేయడం అని. అలా రాస్తే మూడో బిడ్డ కూడా అందులోకి వస్తుంది.